పాత బండి ముందు హబ్‌కు బేరింగులు, సీళ్లు: వరంగల్ మార్కెట్‌లో ఏది దొరుకుతుంది, ఏది దొరకదు

విల్లీస్ జీపు కావచ్చు, మోరిస్ మైనర్ కావచ్చు, ఏదో పాత గడీ షెడ్డులో ఏళ్ల తరబడి నిలబడ్డ షెవర్లే కావచ్చు. ముందు హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) విప్పాక దుకాణానికి పోయి బండి పేరు చెప్తే పని కాదు. "ఆ బండ్లు ఎప్పుడో బందైనయి కదన్నా, సామాను రాదు" అనే జవాబు తయారుగా ఉంటుంది. అదే కౌంటర్ మీద ఒక చీటీ పెట్టి, 18590 కోన్, 18520 కప్పు, నాలుగేసి కావాలని అడిగి చూడండి. మాట మారుతుంది. బేరింగ్‌కు బండితో పని లేదు, నంబరే దాని పేరు. ఈ ఒక్కటి పట్టుకుంటే వరంగల్ మార్కెట్ బేరింగుల విషయంలో బాగానే ఆదుకుంటుంది. గ్రీజు బయటికి రాకుండా ఆపే సీళ్ల విషయంలో మాత్రం మొండిచెయ్యి చూపిస్తుంది. అందుకే కింద సీళ్ల గురించే ఎక్కువ రాయాల్సి వచ్చింది.

ముందు నంబర్ సంగతి. రోలర్లు వాలుగా ఉండే టేపర్ బేరింగ్‌లో రెండు ముక్కలుంటాయి. రోలర్లతో కలిసి స్పిండిల్ (చక్రం తిరిగే కడ్డీ) మీదికి జారేది కోన్, హబ్ లోపల బిగిసి ఉండేది కప్పు. రెంటికీ వేర్వేరు నంబర్లు. చక్రానికి లోపలి బేరింగ్ ఒకటి, బయటి బేరింగ్ ఒకటి, అంటే ఒక్క చక్రం మీద నాలుగు నంబర్లు చదవాలి. కిరోసిన్‌లో కడిగి, కోన్ వెడల్పు వైపు అంచు మీద, కప్పు అంచు మీద వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుంటే చెక్కిన అంకెలు కనబడతాయి. చివరి అంకె దాకా రాసుకోవాలి. ఎల్ 44643, ఎల్ 44649 రెండూ ఒకే కప్పులో, ఎల్ 44610లో కూర్చుంటాయి. కానీ మొదటిదాని బోరు (లోపలి రంధ్రం కొలత) 25.4 మి.మీ., రెండోదానిది 26.988. ఒక్క అంకె తప్పు రాసుకుంటే స్పిండిల్ మీదికి ఎక్కనే ఎక్కదు, లేదా ఎక్కి వదులుగా ఆడుతుంది.

నంబర్ అరిగిపోతే స్టీలు వెర్నియర్‌తో కొలవడమే దారి. ప్లాస్టిక్ డిజిటల్ కాలిపర్లను ఈ పనికి నమ్మొద్దు. వచ్చిన మిల్లీమీటర్లను 25.4తో భాగించండి. 0.750, 1.250, 1.625 లాంటి శుభ్రమైన అంకె వస్తే అది అంగుళాల బేరింగ్. 20, 25, 30 అని నేరుగా మిల్లీమీటర్లలోనే తేలితే మెట్రిక్. పాత బ్రిటిష్, అమెరికన్ బండ్లలో అంగుళాలే ఎక్కువ. దుకాణంలో చేతికందేవి మాత్రం 30204, 30206 లాంటి మెట్రిక్ సైజులు. "దగ్గర దగ్గర అదే సైజన్నా, తోస్తే కూసుంటది" అన్న మాట ఇక్కడే పుడుతుంది. 30204 అంటే లోపల 20, బయట 47 మి.మీ. ముప్పావు అంగుళం బోరుండే ఎల్‌ఎం 11949 లోపల 19.05, దాని కప్పు ఎల్‌ఎం 11910 బయట 45.237. తోస్తే కూర్చునే తేడా కాదిది.

ఇక దుకాణాలు. వరంగల్‌లో ఈ సామాను అడగదగ్గ చోట్లు మూడు రకాలు, మూడింటి తీరూ వేరు.

మొదటివి బేరింగ్, బెల్టు, పుల్లీ అమ్మే మిల్ స్టోర్లు. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లుల మీద బతికే దుకాణాలివి. కౌంటర్ మీదున్న మనిషికి బండ్ల గురించి తెలియకపోవచ్చు, కానీ నంబర్ వింటే సైజు చెప్పగలడు, కేటలాగు తిరగేయడం వచ్చు, వెర్నియర్ చేతిలో ఉంటుంది. అతని దగ్గర లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పిస్తాడు. పాత బండి వాళ్లకు మొదటి గడప ఇదే కావాలి. ఒక్కటే ఇబ్బంది, పత్తి, వడ్ల సీజన్‌లో మిల్లు పని ఆగిపోయిన వాళ్లు వరసలో నిలబడతారు. అప్పుడు రెండు బేరింగుల కోసం వచ్చిన జీపు మనిషిని ఎవరూ పట్టించుకోరు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పోతే ఓపికగా మాట్లాడతారు.

రెండోవి ట్రాక్టర్ స్పేర్ల దుకాణాలు. కార్లోళ్లు ఇటు తొంగిచూడరు, చూడాలి. చాలా ట్రాక్టర్ల ముందు హబ్బుల్లో ఇప్పటికీ ఎల్‌ఎం సిరీస్ అంగుళాల బేరింగులే నడుస్తాయి. మిల్ స్టోర్‌లో ఆర్డర్ పెట్టాల్సినవి ఇక్కడ అల్మారాలో ఉండొచ్చు. డబ్బా మీద ట్రాక్టర్ మోడల్ పేరున్నా లోపలి బేరింగ్ మీద మన నంబరే ఉంటే సంకోచం లేకుండా తీసుకోవచ్చు. ట్రాక్టర్ కిట్టుతో వచ్చే సీల్ మాత్రం మన హబ్‌కు సరిపోతుందనుకోవద్దు. కిట్టు విప్పి బేరింగులు విడిగా ఇస్తారా అని మొదటే అడగాలి.

మూడోవి కార్ల స్పేర్ పార్టుల దుకాణాలు. కొత్త కార్లకు మంచివే, పాతవాటికి దాదాపు దండగ. కంప్యూటర్‌లో మోడల్ పేరు కొడతారు, రాదు, లేదంటారు. అంబాసిడర్, పద్మిని సామాను అటకమీద మిగిలిన పాత దుకాణాల్లో అప్పుడప్పుడు అసలు సీల్ దొరుకుతుంది. అడగడంలో తప్పు లేదు. కానీ ఏళ్లనాటి రబ్బరు సీల్‌ను వేలితో వంచి చూడండి. పెదవి దగ్గర, అంటే షాఫ్ట్‌ను పట్టి ఉండే లోపలి అంచు దగ్గర, సన్నటి చీలికలు కనబడితే కొత్త డబ్బాలో ఉన్నా అది చచ్చిన సీలే.

జీపుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ వైపు పాత బండి అంటే చాలామందికి అదే. పాత విల్లీస్ డిజైన్ జీపుల ముందు యాక్సిల్ డానా 25 రకం. హబ్‌లో లోపల, బయట ఒకే బేరింగ్: 18590 కోన్, 18520 కప్పు. రెండు చక్రాలకు నాలుగు సెట్లు. కొలత 41.275 × 73.025 × 16.667 మి.మీ. తర్వాతి మహీంద్రా మోడళ్లకూ ఇదేనని అనుకోవద్దు, విప్పి చదవాల్సిందే. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఎల్‌ఎం 501349 అనే కోన్ బోరు కూడా సరిగ్గా 41.275. మార్కెట్‌లో ఇది తేలిగ్గా దొరుకుతుంది. లోపలి బోరు ఒక్కటే కొలిచి "ఇదే" అని ఇచ్చేస్తారు. దాని కప్పు, ఎల్‌ఎం 501310, బయట 73.431 మి.మీ. తేడా 0.4 మి.మీ. కంటికి కనిపించదు, ప్రెస్సు కింద పెడితే లోపలికి పోయినా పోతుంది. పోతే హబ్ బోరు చెడినట్టే, పగిలినా ఆశ్చర్యం లేదు. పైగా వెడల్పు దాదాపు 2.9 మి.మీ. ఎక్కువ కాబట్టి బయట నట్టుకు, లాక్ వాషర్‌కు చోటు మిగలదు. బోరు, బయటి కొలత, వెడల్పు మూడూ కొలవకుండా కౌంటర్ వదలొద్దు.

నకిలీల బాధ ఇక్కడా ఉంది. టిమ్‌కెన్, ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ లాంటి పేర్లున్న డబ్బాలు అచ్చు వేయించడం కష్టం కాదు. పాత బేరింగ్‌ను పాలిష్ కొట్టి కొత్తదని అమ్మేవాళ్లూ ఉన్నారు. డబ్బాను వదిలి బేరింగ్‌ను చూడాలి. చెక్కిన అక్షరాలు పల్చగా, అరిగినట్టుంటే పాలిష్ పడిందని లెక్క. రోలర్ల పెద్ద చివర్లు, అవి ఆనుకునే కోన్ గట్టు మీద గీతలుంటే అది తిరిగిన బేరింగ్. కొత్తదాని మీద తుప్పు పట్టకుండా పల్చటి నూనె పొర ఉంటుంది, ఆరిపోయిన జిడ్డు ఉండదు. అనుమానమొస్తే ఎస్‌కేఎఫ్ ఆథెంటికేట్ ఆప్ ద్వారా ఫోటోలు పంపి ఆ కంపెనీనే అడగొచ్చు. జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు వద్దంటే తగ్గిస్తామనే చోట బేరింగ్ కొనకపోవడమే మేలు. కోన్ ఒక కంపెనీది, కప్పు ఇంకో కంపెనీది కలిపి ఇస్తే తీసుకోవద్దు. పాత కప్పు నున్నగానే ఉందని దాన్నే ఉంచి కొత్త కోన్ ఒక్కటే వేయడం కూడా అంతే చెడ్డ పని.

ఇప్పుడు అసలు తలనొప్పి, సీళ్లు. మన దుకాణాల్లో ఆయిల్ సీళ్లు దాదాపు అన్నీ మెట్రిక్. చెప్పే వరస ఎప్పుడూ షాఫ్ట్, బోరు, మందం: 45 × 62 × 8 అంటే 45 మి.మీ. షాఫ్ట్, 62 మి.మీ. హబ్ బోరు, 8 మి.మీ. మందం. పాత బండిది అంగుళాల్లో ఉంటుంది. చాలామంది పాత సీల్‌ను పీకి, అది పట్టుకుపోయి "ఇట్లాంటిది ఇయ్యిరి" అంటారు. పీకేటప్పుడే అది వంకర పోయి ఉంటుంది, బయటి కొలత తప్పు వస్తుంది. లోపలి పెదవి కొలిస్తే ఇంకా తప్పు, ఎందుకంటే సీల్ పెదవి షాఫ్ట్ కంటే మిల్లీమీటరో, అంతకంటే ఎక్కువో చిన్నగా చేస్తారు. కొలవాల్సింది సీల్‌ను కాదు. స్పిండిల్ మీద పెదవి నడిచే చోటు, హబ్‌లో సీల్ కూర్చునే బోరు, ఆ బోరు లోతు, ఈ మూడు.

ఒక ఉదాహరణ. స్పిండిల్ ఒకటిముప్పావు అంగుళం, అంటే 44.45 మి.మీ. హబ్ బోరు రెండున్నర అంగుళాలు, 63.5 మి.మీ. షాఫ్ట్ వైపు 45 సీల్ పెదవి అర మిల్లీ తక్కువ పట్టుతో అయినా స్ప్రింగ్ బలం మీద నడుస్తుంది. గ్రీజును ఆపడానికి అది చాలు, పల్చటి ఆయిల్‌ను ఆపడానికి చాలకపోవచ్చు. బోరు వైపు మాత్రం సర్దుబాటు లేదు. 62 సీల్ వేస్తే రాలిపడుతుంది, 65 పట్టదు. ఇక్కడ దుకాణదారు ఇచ్చే సలహాలు రెండు: 62 సీల్ చుట్టూ టేపు చుట్టడం, లేదా హబ్ బోరును లేతు మీద 65కు పెంచడం. టేపు వేడికి జారుతుంది, సీల్ హబ్‌తో తిరగకుండా నిలబడిపోతుంది. బోరు పెంచడం ఇంకా అన్యాయం, హబ్ మళ్లీ దొరికేది కాదు. కోయాల్సి వస్తే కొత్త ఇనుమును కోయాలి, పాత హబ్‌ను కాదు.

సరైన దారి రింగ్ చేయించడం. 62 సీల్‌కు రింగ్ గోడ ముప్పావు మిల్లీ మాత్రమే వస్తుంది, లేతు మీద పట్టుకుంటేనే నలిగిపోతుంది. అందుకని 45 × 60 × 8 సీల్ ఎంచుకోవాలి. అప్పుడు గోడ 1.75 మి.మీ. వస్తుంది, గట్టిగా నిలుస్తుంది. రింగ్ లోపల 60.00, బయట 63.5 కంటే ఎనిమిది, పది వందోవంతుల మిల్లీ ఎక్కువ. వెడల్పు బోరు లోతుకు మించకూడదు. లోపలి అంచును కొంచెం వాలుగా చాంఫర్ కొట్టించాలి, లేదంటే సీల్ దించేటప్పుడు బయటి రబ్బరు చీరుకుపోతుంది. ఆటోనగర్ లేతు షాపుల్లో ఈ పని చేసే చేతులు మంచివే ఉన్నాయి. అయితే చీటీ మీద అంకెలు రాసి ఇవ్వడం చాలదు, హబ్ తీసుకెళ్లి వాళ్ల చేతనే బోరు కొలిపించాలి. వాళ్ల మైక్రోమీటర్, మీ వెర్నియర్ ఒకేలా చదవవు. రింగ్ తయారయ్యే కొలత వాళ్ల పరికరంలోదే కావాలి.

సీల్ రకం అడిగితే టీసీ అని చెప్పండి. రబ్బరు ఒళ్లు, స్ప్రింగ్ ఉన్న పెదవి, దానితోపాటు దుమ్మును ఆపే రెండో పెదవి. వానాకాలం మట్టిరోడ్డు మీద తిరిగే బండికి ఒంటి పెదవి ఎస్‌సీ చాలదు. స్ప్రింగ్ ఉన్న వైపు గ్రీజు వైపు, అంటే హబ్ లోపలికి ఉండాలి. మామూలు నైట్రైల్ రబ్బరు ముందు చక్రాలకు సరిపోతుంది, ఖరీదైన విటాన్ అవసరం లేదు. కొన్ని పాత బండ్లకు అసలు రబ్బరు సీలే ఉండదు, ఫెల్టు (ఒత్తిన ఉన్ని) ఉంటుంది. దాన్ని అలాగే ఉంచుకోవాలనుకుంటే సరైన మందం ఫెల్టు కోయించి, వేడిచేసిన నూనెలో నానబెట్టి వేయాలి. పొడిగా వేస్తే స్పిండిల్‌ను గీరేస్తుంది.

పెదవి నడిచే చోట స్పిండిల్ మీద గాడి పడి ఉందేమో గోరు పెట్టి చూడండి. గోరు తగిలితే కొత్త సీల్ కూడా కారుతుంది. చాలాసార్లు సీల్‌ను రెండు మూడు మిల్లీ లోపలికో, బయటికో కూర్చోబెడితే పెదవి నున్నటి చోట పడుతుంది, పైసా ఖర్చు ఉండదు. చోటు లేకపోతే స్పీడీ స్లీవ్ అనే పల్చటి స్టీలు తొడుగు, గోడ పావు మిల్లీ చుట్టూరా. వరంగల్‌లో ఇది అల్మారాలో ఉంటుందని ఆశించొద్దు, ఆర్డర్ మీద తెప్పించాలి.

జీపు వాళ్లు సీల్ మార్చినా మార్చినా బ్రేకు లైనర్లు తడుస్తుంటే, ఇంకో హబ్ సీల్ కొనకముందు కారేదేమిటో వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. గంధకం వాసన వచ్చే పల్చటి నూనె అయితే అది హబ్ గ్రీజు కాదు, డిఫరెన్షియల్ గేర్ ఆయిల్. యాక్సిల్ ట్యూబ్ చివర ఉండే లోపలి సీల్ పోతే ఆయిల్ నకుల్ గోళంలోకి (యాక్సిల్ చివర చక్రం మలుపు తిరిగే చోటు) చేరి, స్పిండిల్ లోపలి కంచు బుష్ సందులోంచి హబ్‌లోకి వచ్చి, గ్రీజును కరిగించి డ్రమ్ములో పడుతుంది. హబ్ సీల్ ఎన్ని మార్చినా ఆగదు. యాక్సిల్ షాఫ్ట్ బయటికి తీసి లోపలి సీల్ మార్చాలి, బుష్ ఆట (వదులు కదలిక) చూడాలి, డిఫరెన్షియల్ గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడాలి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీల్‌నూ దాటేస్తుంది.

అన్ని బండ్లలో టేపర్ బేరింగే ఉంటుందనుకోవద్దు. మోరిస్ మైనర్ ముందు హబ్‌లో బాల్ బేరింగులు, మధ్యలో స్పేసర్ (ఎడం నిలిపే గొట్టం) ఉంటాయి. అక్కడ నట్టు పూర్తిగా బిగించాలి, టేపర్‌కు చేసినట్టు వెనక్కి తిప్పకూడదు. స్పేసర్ పోతే దుకాణంలో దొరకదు, పారేయకండి. 1960 దాకా వచ్చిన చాలా షెవర్లే కార్లలో కూడా ముందు చక్రాలకు బాల్ బేరింగులే. వాటికి టేపర్ కన్వర్షన్ కిట్లు విదేశాల్లో అమ్ముతారు. వాటి కోసం వరంగల్‌లో, రాణిగంజ్‌లో తిరగడం కాలయాపన.

బిగింపు గురించి రెండు మాటలు, ఎందుకంటే మంచి బేరింగ్ కొన్నాక కూడా పాడయ్యేది ఇక్కడే. కప్పును సుత్తితో నేరుగా కొట్టొద్దు. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, హబ్‌ను ఎండలోనో, హీట్‌గన్‌తోనో వేడిచేసి, పాత కప్పు బయటి వైపు కొంచెం గ్రైండ్ చేసి దాన్నే డ్రిఫ్ట్‌లా, అంటే మధ్యలో పెట్టే దిమ్మెలా, వాడితే నేరుగా దిగుతుంది. అడుగు తగిలినప్పుడు చప్పుడు మారుతుంది. కప్పు చేత్తో దిగిపోయేంత వదులుగా ఉంటే హబ్ బోరు మీద పంచ్ చుక్కలు కొట్టే మెకానిక్‌ను ఆపండి. ఆ చుక్కలు వారంలో అణిగిపోతాయి. కొద్దిపాటి వదులుకు లోక్‌టైట్ 641 లాంటి రిటైనింగ్ కాంపౌండ్, ఎక్కువైతే స్లీవ్. కోన్ మాత్రం స్పిండిల్ మీద చేత్తో జారాలి, అది వదులు కాదు, డిజైనే అంత.

గ్రీజు లిథియం కాంప్లెక్స్, ఎన్‌ఎల్‌జీఐ 2 (గట్టిదనం గ్రేడు). అరచేతిలో పెట్టుకుని కోన్ వెడల్పు వైపు నుంచి ఒత్తుతూ పై నుంచి బయటికి వచ్చేదాకా నింపాలి. హబ్ బోలులో మూడో వంతు నుంచి సగం దాకా చాలు. నిండా కుక్కితే వేడెక్కి సీల్ దాటి బ్రేకుల మీదికి వస్తుంది. పాత గ్రీజు మీద కొత్తది పూయొద్దు, వేర్వేరు సబ్బు రకాలు కలిస్తే నీళ్లలా కారిపోవచ్చు.

టేపర్‌కు ఆట సుమారు 0.025 నుంచి 0.125 మి.మీ. మధ్య ఉండాలి. పాత విల్లీస్ పద్ధతి: చక్రం తిప్పుతూ నట్టును చక్రం పట్టేసేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి వదిలి, లాక్ వాషర్ వేసి రెండో నట్టు బిగించడం. రెండో నట్టు బిగించాక ఆట తగ్గుతుంది, కాబట్టి మళ్లీ చూడాలి. దీనికి 2-1/8 అంగుళాల బాక్సు పానా కావాలి. ఉలి, సుత్తితో నట్టు తిప్పే అలవాటు చాలా షెడ్లలో ఉంది, నట్టు అంచులు పోయేది దానివల్లే. ఇక చక్రం పైన, కింద పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే చక్రం మలుపు తిరిగే కింగ్ పిన్. కింగ్ పిన్ ఆటను బేరింగ్ నట్టుతో సర్దబోతే బేరింగ్ నీలంగా మాడిపోతుంది.

విప్పిన పాత బేరింగ్‌ను పారేసే ముందు కప్పు లోపల చూడండి. రోలర్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయే మచ్చలు వరసగా ఉంటే బండి ఎక్కువ కాలం కదలకుండా నిలబడిందని, తేమ చేరిందని. ఇలాంటి బండికి బేరింగ్ బ్రాండు మార్చి లాభం లేదు, నెలకోసారి షెడ్డులోంచి తీసి నాలుగు కిలోమీటర్లు తిప్పాలి.

వరంగల్‌లో ఆర్డర్ పెట్టినా రాని నంబర్లకు రాణిగంజ్ స్వయంగా పోవడం నయం. ఒకే వీధిలో చాలా దుకాణాలు, పాత స్టాకు కూడా బయటపడుతుంది. జీపు లాక్ వాషర్లు, స్పిండిల్ నట్లు, బుష్‌లు లాంటి విడి సామానుకు ఢిల్లీ కశ్మీరీ గేట్, హర్యానాలోని డబ్వాలీ వైపు అమ్మకందార్లు ఫోన్ మీద పంపుతారు, కానీ ఫోటోలో కొలత పెట్టి చూపమనాలి. ఆన్‌లైన్‌లో మోడల్ పేరు మీద అమ్మే సెట్లకు బేరింగ్ నంబర్ రాసి లేకపోతే కొనొద్దు. పనిలో పనిగా ట్రాక్టర్ దుకాణంలోనే స్ప్లిట్ పిన్నులు నాలుగైదు సైజులవి పొట్లం కట్టించుకోండి. పాత పిన్ను మళ్లీ వంచితే విరుగుతుంది, ఆదివారం షెడ్డులో అదొక్కటే దొరకదు.